అది క్యాన్సర్ కాదట, అత్తయ్యా!

అత్తయ్యా,

పాలు కాచి మూత పెట్టాను. బీపీ మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకోండి.

అసలు సంగతి, అది క్యాన్సర్ కాదట! ఇందాక డాక్టరమ్మే ఫోన్ చేసింది. గర్భాశయం మూతి దగ్గర గ్రంథులు గుత్తుల్లా పెరిగాయట, అంతే. మొదట చూసినప్పుడు క్యాన్సర్‌లాగే కనిపించిందట గానీ, పరీక్షకు తీసిన ఆ ముక్కనే పెద్ద ల్యాబులో మళ్లీ చూసి కాదని తేల్చారట. "ఈ రకం ఎప్పుడో ఒకరికి క్యాన్సర్‌గా మారొచ్చమ్మా, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో" అంది. రమ్మంటే నెలనెలా గంతులేస్తూ వెళ్తాను!

లేపి చెబుదామని మీ గది దాకా వచ్చాను. పది రోజుల తర్వాత ఇవాళే గురకపెట్టి నిద్రపోతున్నారు, మనసొప్పలేదు. మీ అబ్బాయికి మీరే చెప్పండి. ఇన్నాళ్లూ బకెట్ కూడా ఎత్తనివ్వకుండా నన్ను గాజుబొమ్మను చేశారు. ఇక నా పనులు నాకిచ్చేయండి.

మా బడి బస్సు హారన్ కొడుతోంది, వెళ్తున్నా.

ఇంకోటి. నాకు అయినట్టే మీకూ కొన్నాళ్లుగా తెల్లబట్ట నీళ్లలా అవుతోందని ఉతికే బట్టల్లో చూశాను. ఈ వయసులో నాకెందుకని అనొద్దు. రేపు పదింటికి డాక్టరమ్మ దగ్గర మీ పేరు రాయించి, సెలవు పెట్టాను. లోపలికి నేనూ వస్తాను.