ఏ పెట్టెలో రాశాను

మార్చి 3, మంగళవారం

యాభై ఒకటో ఏట నన్ను బడిలో వేశారు. వేసింది మా లాండ్రీ ఓనరు. కస్టమర్లంతా ఫోన్లోనే బుక్ చేస్తున్నారట, మనమూ ఇంటర్నెట్‌లోకి వెళ్లకపోతే షాపు మూసుకోవడమేనట. ఆయనే వెళ్లొచ్చుగా? కళ్లు సరిగా కనబడవట. కాలర్ మీద మరక మాత్రం వీధి చివర్నించే కనబడుతుంది.

క్లాసు లైబ్రరీలో. మంగళవారం, శుక్రవారం, పదకొండింటికి. ఆరుగురం. నా పక్కన రిటైరైన పోస్ట్‌మ్యాన్ తాత. చెప్పేది లైబ్రరీలో పనిచేసే అమ్మాయి. మౌస్ చేతికిస్తే ఇస్త్రీపెట్టె పట్టినట్టు అదిమి పట్టాను. పదహారేళ్లు ప్రెస్ మీద పనిచేసిన చెయ్యి, ఇంకెలా పడుతుంది? స్క్రీన్ మీద బాణం మూలకి పోయి దాక్కుంది.

ఇంటర్నెట్ ఈ డబ్బాలో ఉండదట. లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిస్తే అదే ఇంటర్నెట్. బ్రౌజర్ లోపలికెళ్లే తలుపు. ప్రతి వెబ్‌సైట్‌కీ ఒక అడ్రసు. అడ్రసు అనగానే తాత నిటారుగా కూర్చున్నాడు. ఇంతకీ దీనికి ఓనరెవరని అడిగాను. ఎవరూ లేరంది. నేను నమ్మలేదు. ఊడ్చడానికైనా ఎవరో ఒకరుండాలి.

మార్చి 5, గురువారం, ఉదయం 6.30

చెల్లి వచ్చింది. వెనక తలుపు దగ్గర బూడిదరంగు కోటు కప్పుకుని నిలబడింది. కింది దవడ పక్కకి జరిగిపోయింది. నోరు మూతపడటం లేదు, రక్తం కలిసిన ఉమ్మి కోటు మీద కారుతోంది.

మాట రావడం లేదు. బట్టలకి కట్టే టికెట్ల పుస్తకం ఇస్తే దాని మీద రాసింది. మొగుడు ఫోన్ పాస్‌వర్డ్ అడిగాడు. ఇది చెప్పలేదు. పానాతో కొట్టాడు.

లాండ్రీ మీదున్న నా గదిలోనే పడుకోబెట్టాను. గట్టిగా ఏడవలేదు కూడా. ఏడిస్తే దవడ కదులుతుందని.

మార్చి 6, శుక్రవారం

ఇవాళ్టి పాఠం పాస్‌వర్డ్. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదండీ అంది అమ్మాయి. నాకు పగలబడి నవ్వొచ్చింది. అందరూ తిరిగి చూశారు. తాత మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

ఊళ్లో వాళ్లంతా తమ గురించి రాసుకునే సైట్ ఒకటుంది. అందులో అందరికీ అకౌంట్లు తెరిచింది. నా ఫోటోలో ముక్కు తప్ప ఏమీ కనబడదు. ఆ తర్వాత సెర్చ్ చెప్పింది. ఏ సందేహమున్నా పెట్టెలో టైప్ చేసి నొక్కండి, వివరంగా రాస్తే జవాబూ వివరంగా వస్తుంది అంది. అది బాగా మనసులో పెట్టుకున్నాను.

మార్చి 7, శనివారం, మధ్యాహ్నం 2

దవడ నల్లబడింది. ఒళ్లు కాలిపోతోంది. స్పూన్‌తో పాలు పోస్తే సగం బయటికే వస్తున్నాయి.

ఆసుపత్రికి తీసుకెళ్లడానికి భయం. మరిది లిఫ్ట్ మెకానిక్. ఈ ఊళ్లో ఆసుపత్రి లిఫ్టులన్నీ వాడివే. గేటు దగ్గర మనిషి నించి నర్సుల దాకా అందరూ వాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. లోపల అడుగుపెట్టిన గంటకి వాడికి తెలిసిపోతుంది.

షాపు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మాయి చీటీ మీద రాసిచ్చిన అడ్రసు కొట్టి నిన్నటి పేజీయే తెరిచాను. మధ్యలో ఖాళీ పెట్టె. వేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ వివరంగా రాశాను: మా చెల్లి దవడ విరిగింది, మొగుడు కొట్టాడు, వాడు లిఫ్ట్ మెకానిక్, అన్ని ఆసుపత్రుల్లో వాడి మనుషులే, ఇప్పుడు మా లాండ్రీ పైగదిలో ఉంది, వాడికి తెలియకుండా ఎక్కడ చూపించాలి?

నీలం బటన్ నొక్కాను. పది నిమిషాలు కూర్చున్నాను. జవాబు రాలేదు. ఇంటర్నెట్టూ లేదు, గాడిద గుడ్డూ లేదు. వెళ్లి ప్యాంట్లు ప్రెస్ చేసుకున్నాను.

మార్చి 8, ఆదివారం

జవాబు రాలేదు. నేను రాసినదాని కింద పైకెత్తిన బొటనవేళ్ల బొమ్మలు మాత్రం పదకొండు వచ్చాయి.

మార్చి 9, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి మరిది వచ్చాడు. షాపు తలుపు తీసి, గడప మీద బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. చేతిలో ఫోను. దాని మీద నా ముక్కు.

"వదినా, మీరేదో అడిగారు కదా. జవాబు చెబుదామని వచ్చాను."

మెట్లవైపు నడిచాడు. కాలు పట్టుకున్నాను. రెండో కాలి మడమతో నా మొహం మీద తన్నాడు. ముందుపళ్లు రెండు గొంతులోకి జారాయి. ఉమ్మేసి మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ తన్నాడు. పైన తలుపు గడియ ఊడిన చప్పుడైంది. చెల్లి అరవలేదు, దానికి అరవడానికి నోరు లేదు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. దాని తల ప్రతి మెట్టుకీ తగలడం విన్నాను. పదమూడు మెట్లు. కింద అది కుడిచేత్తో తలుపు పట్టుకుంటే ఆ చేతి మీదే తలుపు మూశాడు. రెండుసార్లు.

అప్పుడే సూటు వేసుకున్న కస్టమరొకాయన లోపలికొచ్చాడు. మరిది చెల్లిని వదిలేశాడు. కాలర్ సవరించుకుని, మెట్ల మీంచి పడిపోయిందండీ, చూసుకోదు అన్నాడు. పోతూ పోతూ నా చెవి దగ్గరకొచ్చి, మళ్లీ వస్తానన్నాడు.

ఓనరు డెలివరీ వ్యాన్‌లో పడుకోబెట్టి పక్క ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ ఎముకల డాక్టరు మా పాత కస్టమరు. ఆసుపత్రి ఒక్క అంతస్తే. లిఫ్టు లేదు.

మార్చి 10, మంగళవారం

పళ్లు లేకుండానే క్లాసుకెళ్లాను. వాడికెలా తెలిసిందో నాకర్థం కావడం లేదని అమ్మాయికి పేజీ చూపించాను. అమ్మాయి మొహం పాలిపోయింది.

అది సెర్చ్ పెట్టె కాదట. సెర్చ్ పెట్టె పైన ఉంటుంది, సన్నగా. మధ్యలో ఉన్నది నలుగురికీ చెప్పుకునే పెట్టె. పక్కన భూగోళం గుర్తు ఉంటే లోకంలో ఎవరైనా చూడొచ్చని అర్థమట. ఉంది. గోరంత భూగోళం. మా చెల్లి ఎక్కడుందో నేనే లోకమంతా చాటింపు వేశాను.

తల కొట్టేసినట్టయింది. అమ్మాయి ఏడుస్తూ, తప్పు నాదే, రెండు పెట్టెలకీ తేడా చెప్పలేదంది. ముప్ఫయ్యేళ్లలో నేనూ తప్పు పెట్టెల్లో ఉత్తరాలు వేశాను అన్నాడు తాత. మళ్లీ తనే, కానీ ఒక్కో ఇంట్లోనే వేశాను అన్నాడు. ఆయన ఓదార్పు అలా ఉంటుంది.

పోలీస్ స్టేషన్‌కీ వెళ్లాను. వాణ్ణి పిలిపించి అడిగారట. మెట్ల మీంచి పడింది, అడ్డమొచ్చిన వదినకీ తగిలింది అన్నాడట. సాయంత్రానికి వదిలేశారు.

అక్కణ్ణించి మళ్లీ లైబ్రరీకి వెళ్తే, నేను రాసిన పోస్టు తీసేస్తానంది అమ్మాయి. నేను మళ్లీ ఇక్కడేమైనా రాస్తే వాడు చూస్తాడా అని అడిగాను. తప్పకుండా చూస్తాడంది. అయితే ఉండనీ అన్నాను.

మార్చి 12, గురువారం

చెల్లిని చూసొచ్చాను. దవడకి తీగలు కట్టారు. కుడిచేతికి మూడు వేళ్లు విరిగాయి. ఎడమచేత్తో టికెట్ల పుస్తకంలో వంకరటింకరగా రాసింది: అక్కా వాడొస్తాడు.

వస్తాడు. నాకూ తెలుసు. ఎప్పుడొస్తాడో తెలియకే కదా ఈ చావు.

మార్చి 13, శుక్రవారం, మధ్యాహ్నం 1

క్లాసయ్యాక షాపుకొచ్చి మధ్య పెట్టెలో రాశాను. చెల్లిని రేపు తీసుకొచ్చేస్తున్నా. మూడింటికి ఓనరు ఉండడు, మేమిద్దరమే. దవడ విరిగినవాళ్లకి ఏ జ్యూస్ మంచిది?

చివర ఆ ప్రశ్న కావాలనే పెట్టాను. ఇంకా ఏమీ తెలియని మొద్దుననే అనుకోవాలి.

భూగోళం గుర్తు రెండుసార్లు చూసుకుని నొక్కాను. చెల్లి ఉన్నచోటే ఉంటుంది.

మార్చి 14, శనివారం

మూడూ అయిదుకి వచ్చాడు. తలుపు లోపల గడియ వాడే పెట్టాడు. నాకు ఆ శ్రమ తప్పింది.

మా ప్రెస్‌లో కింద మెత్తటి బల్ల, పైన కాలే పలక. రెండు బటన్లు రెండు చేతులతో నొక్కితేనే పలక దిగేలా తయారైన మెషిను అది, చేతులు మధ్యలో పడకూడదని. పని ఆలస్యమవుతోందని ఎప్పుడో ఓనరు బటన్లు పీకించి కాలి కింద పెడల్ పెట్టించాడు. వాడికి లిఫ్టులు తెలుసు, ఇది తెలియదు.

చెల్లి కోటు బల్ల మీద పరిచి ఉంచాను. ఏదీ అన్నాడు. పైనుంది అన్నాను. పైకెళ్లి ఖాళీ గది చూసి ఒక్కో మెట్టే దిగాడు. నేను ప్రెస్ వెనక నిలబడ్డాను. ముందుకి వంగి ఎడమచేత్తో నా జుట్టు పట్టుకుని, ఆనుకోవడానికి కుడిచెయ్యి కోటు మీద పెట్టాడు. పానా పట్టే చెయ్యి.

పెడల్ తొక్కాను.

ప్యాంటుకైతే ఎనిమిది సెకన్లు. లెక్కపెట్టాను. నాలుగో సెకనుకి నా జుట్టు వదిలాడు. ఆరుకి వదినా అన్నాడు, అమ్మా అన్నాడు. ఉన్ని కోటు కాలిన వాసన నాకు తెలుసు, ఇది అది కాదు. ఎనిమిదికి కాలు తీశాను. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఒళ్లంతా వెతుక్కున్నాను.

అంబులెన్స్‌కి నేనే ఫోన్ చేశాను. తర్వాత వెళ్లి కక్కుకుని, ముందుపళ్లు లేని నోరు కడుక్కున్నాను.

మార్చి 16, సోమవారం

పోలీసులొచ్చారు. కోటు ఇస్త్రీకి ఇవ్వడానికి వచ్చి చెయ్యి జారి మెషిన్లో పెట్టానని వాడే చెప్పాడట. నిజం చెబితే ఎందుకొచ్చావని అడుగుతారుగా. ఓనరు నన్ను పక్కకి పిలిచి, ఆ బటన్లు పీకించింది నేనే, నేరం నా మీద వేసుకుంటా, నువ్వు నోరెత్తకు అన్నాడు. మహానుభావుడు. పోలీసాయన రాసుకున్నాడు: ఆవిడ మెట్ల మీంచి పడింది, ఆయన చెయ్యి మెషిన్లో పడింది. రెండూ ప్రమాదాలే, ఇంక గొడవలేదన్నాడు.

నేను తలూపాను. ఒక్క క్షణం హాయిగా కూడా ఉంది.

సాయంత్రం పక్క ఊరి ఆసుపత్రికెళ్లి ఇదంతా చెల్లికి చెప్పాను. చెబుతుంటే నాకే తట్టింది. నా అబద్ధంలో నేను దాక్కుంటే వాడి అబద్ధంలో వాడూ క్షేమం. చెయ్యి మానుతుంది, ఇంకో చెయ్యి ఎలాగూ ఉంది. చెల్లి పుస్తకం అందుకుని గట్టిగా అదిమి రాసింది, కింది కాగితం మీద కూడా అచ్చుపడింది.

నేను పడలేదు.

అలాగైతే నేను చేసిందీ చెప్పాల్సొస్తుందే అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

మార్చి 17, మంగళవారం, మధ్యాహ్నం 2, లైబ్రరీ

ఆఖరి పాఠం డిలీట్. ఒకసారి బయటికెళ్లింది తీసేసినా ఎక్కడో ఒకచోట ఉండిపోతుందట.

చెల్లిని వెంట తీసుకొచ్చాను. ఈ డైరీ మార్చి 3 నించి నిన్నటిదాకా అమ్మాయి టైప్ చేసింది. ఏడుస్తూ చేసింది, నేను ఒక్క మాట తీయనివ్వలేదు. మధ్య పెట్టె. భూగోళం గుర్తు ఉంది. తాత వెనక నిలబడి అంతా చదివి, ఈసారి అడ్రసు సరిగానే ఉందన్నాడు.

చెల్లి ఎడమచేత్తో నొక్కింది.