వంకర బ్రోచ్

ఏమయ్యా,

ఈరోజు రాప్తాడులో మీ తమ్ముడి కూతురి పెళ్లి. నువ్వు పోయినప్పుడు తాళం వేసిన నీ డబ్బా తెరిచాను. బెంగళూరు పాత సామాన్ల అంగళ్లలో నువ్వు ఏరి తెచ్చిన బ్రోచ్‌లలో, పువ్వూ పిట్టా ఏదీ కాని ఆ వంకర ఇత్తడి తీగదాన్ని పైటకు పెట్టుకున్నాను.

మండపం మెట్ల దగ్గరే మీ అమ్మ ఆపింది. "మొగుడు పోయినాక ఈ సింగారమేందే? తీసెయ్."

"తీయను అత్తా. నీ కొడుకు తెచ్చినాడు."

ఆమె దగ్గరగా చూసి, "వంకరగా ఉండాది" అంటూ సరిచేయబోయింది.

"దాని తీరే అంత. తిప్పొద్దు."

వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. మీ నాయన పోయినప్పటి నుంచి పెళ్లిళ్లలో వెనకే కూర్చునే మీ అమ్మ, కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇట్లాంటివి ఇంకా ఉండాయా?" అని మెల్లగా అడిగింది.

నీ డబ్బాకు ఇక తాళం వేయను.