అందరూ చప్పట్లు కొట్టిన రోజు

అక్కకి,

నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. బావ కూడా బాగానే ఉన్నాడు, నాతో మాట్లాడ్డం లేదు గానీ. ఆ సంగతికి వస్తాను. అమ్మాయీ పసిబిడ్డా క్షేమమని రాశావు, సంతోషం. ముక్కు మన వైపు రాలేదన్నావు. బిడ్డ అదృష్టం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. బావ మందులు వేళకే వేసుకుంటున్నాడు. చూస్తూనే ఉన్నాను, మా కిటికీలోంచి. మీ పెరటి కుళాయి బాగుచేయించాను. ఇక "యాభై నాలుగేళ్లొచ్చాక పొలిటికల్ సైన్స్ డిగ్రీ దేనికిరా, మంత్రివవుతావా?" అన్నావు. అవ్వను. ఊరి బళ్లో నా చదువు ఆపేసినప్పుడు నన్నెవరూ అడగలేదు. మొదలుపెట్టేటప్పుడు నేనూ ఎవర్నీ అడగలేదు. మొదటి ఆదివారం క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలంతా లెక్చరరనుకుని లేచి నిలబడ్డారు. పాపం, కూర్చోమన్నాను.

ఇది ఆఖరి ఏడు, ప్రాజెక్టు రాయాలి. "మీకు బాగా తెలిసిన చోట అధికారం ఎలా నడుస్తుందో చూసి రాయండి" అంది లెక్చరరమ్మ. నాకు తెలిసింది మా బస్సు డిపో, అందులో మా సంఘం. పద్నాలుగేళ్లుగా బావ అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఏటా క్యాంటీన్లో సభ, చేతులెత్తడం, ఏకగ్రీవం, టీ. సభలో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకం చూపిస్తే ఆవిడ మురిసిపోయింది. "కానీ ఒక్క ఆధారాన్నే నమ్మకండి, ఇంకోదానితో సరిచూడండి" అంది.

సరేనని, వచ్చీపోయే బస్సుల్నీ మనుషుల్నీ రాసే డిపో గేటు రిజిస్టరు పక్కన పెట్టుకున్నాను. ఏడేళ్ల కిందటి సభ దగ్గర వేలు ఆగిపోయింది. ఆ రోజు వరదలు. జనాన్ని తరలించడానికి బస్సులన్నీ వెళ్లాయి, మనుషులూ వాటితోనే వెళ్లారు. డిపోలో మిగిలింది వాచ్‌మనూ, ఇంజను విప్పిన రెండు బస్సులూ. మినిట్స్‌లో మాత్రం నూట ఎనభై మంది సభ్యులు హర్షధ్వానాల మధ్య బావని ఎన్నుకున్నారు.

ఇక దాచలేనక్కా. ఆ రాత నాదే. ఏటా ముందురోజే మినిట్స్ రాసి పెట్టుకునేవాణ్ణి. ఎవరు గెలుస్తారో తెలిసిందేగా, సభయ్యాక రాస్తూ కూర్చుంటే టీ చల్లారిపోతుందని. ఆ ఏడు సభే జరగలేదు. రాసిన పేజీ చింపబుద్ధి కాలేదు. బావ సంతకం పెట్టేశాడు. మళ్లీ సభ పెట్టాలని మా ఇద్దరికీ తోచలేదు. ఎవరూ అడగనూ లేదు. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరని మూడేళ్లుగా పరీక్షల్లో పేజీలకి పేజీలు రాస్తున్నాను. మంచి మార్కులే వచ్చాయి.

బావకి చూపించాను.

"కాలేజీకేగా, రాసుకో. ఆ పేజీ ఒక్కటీ తీసెయ్."

"అది తీసేస్తే మిగిలేవి అట్టలే బావా."

"నీ రాతేరా అది! ముందు ఊడేది నీ పదవే."

"ఊడనీ."

"మీ అక్కకి తెలిస్తే?"

"తెలుస్తుంది. నేనే రాస్తున్నా."

అప్పట్నుంచి మాటల్లేవు.

నిన్న పొద్దున షిఫ్టు మారే వేళ క్యాంటీన్లో బల్లెక్కి ఆ పేజీ చదివాను. "ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు చేతులెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనకనుంచి ఒక కండక్టరమ్మ, "నేనారోజు నడుంలోతు నీళ్లలో ఉన్నానయ్యా, చప్పట్లు కొట్టే తీరికెక్కడిది?" అంది. అంతా నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. రాసింది నేనేనని చెప్పాను, కార్యదర్శి పని వదిలేశాను. ఈసారి చీటీలతో, పెట్టెలో, చాటుగా ఓటెయ్యాలన్నాను. వంద మందికి పైగా సంతకాలు చేశారు. శనివారం ఎన్నిక. బావకి పోటీగా ఆ కండక్టరమ్మ నిలబడుతోంది.

నువ్వు పెంచినవాణ్ణి, నీ మాట ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు ఆపమన్నా ఆపను. నీ అనుమతి కోసం రాయడం లేదు. ఇంకొకరి నోట వినకూడదని రాస్తున్నాను.

బావ చెడ్డ అధ్యక్షుడని నేననను. ఎవరి ఉద్యోగం మీదికి వచ్చినా మేనేజరు గది ముందు మొదట నిలబడేది ఆయనే. గెలవచ్చు. గెలిస్తే ఈసారి నిజంగా గెలుస్తాడు. నేనూ ఆయనకే వేస్తానేమో. వేసినా, వెయ్యకపోయినా బావకి చెప్పను. నువ్వడిగినా చెప్పను.

ఇట్లు,
నిన్ను మొదటిసారి ఎదిరిస్తున్న
నీ తమ్ముడు