నూట యాభైకి ఇద్దరు తక్కువ

తుమ్మలదిబ్బ పాలెం,
8-1-1962.

సమితి ఆఫీసు హెడ్ గుమాస్తా ఖాదర్ మొహిద్దీన్ సాహెబు గారి సముఖమునకు, ప్రభువు దాసుడు యెహోషువ సలాములు చేసి వ్రాయునది.

మొన్న శనివారం మీ బంట్రోతు రంగనాయకులు తారు డబ్బా, కుంచె పట్టుకొని వచ్చి, మా పాలెంలో ప్రతి తలుపు మీదా నంబరు వేసి, ఇంట్లో ఎంతమందని అడిగినాడు. ఎందుకయ్యా అంటే "ఆఫీసు ఆర్డరు" అన్నాడు. సాహెబూ, దావీదంతటి రాజు గర్వపడి జనాన్ని లెక్కపెట్టించినాడు. ఏమయింది? తెగులు పుట్టి డెబ్బై వేలమంది నేలకూలినారు! ఆ రాజుకే తప్పని శిక్ష మీ సమితికి తప్పుతుందా? నిన్న ఆదివారం ప్రసంగంలో ఈ మాటే ఉరిమినాను. సర్కారు కాగితాన్ని నమ్మవద్దని చెప్పినాను. ప్రసంగం ముగియక ముందే ఆడవాళ్ళు లేచిపోయి, కిరసనాయిలూ ఇసుకా పెట్టి నంబర్లన్నీ తోమేసినారు. ఇక మా జోలికి రావద్దని హెచ్చరిక.

ఇట్లు,
మెలకువగా ఉన్న కాపరి,
యెహోషువ.

తా.క.: రంగనాయకులు మరిచిపోయిన తారును మా జయరామయ్య పడవ అడుగుకు పూసుకున్నాడు. పడవకు నంబరు వేయలేదు. ఆ పాపం మాకు లేదు.

---

సమితి ఆఫీసు,
17-1-1962.

మహారాజశ్రీ యెహోషువ గారికి ఖాదర్ మొహిద్దీన్ ఆదాబులు.

మీ ఉత్తరం ఆఫీసరు గారికి చదివి వినిపించాను. దావీదు రాజంటే మా ఇళ్ళలోనూ గౌరవమే. ఆయన ఎందుకు లెక్కపెట్టించారో గానీ, మేము లెక్కపెట్టింది మంచినీళ్ళ బావి కోసం. నూట యాభైమందికి తగ్గకుండా ఉన్న పాలేనికే బావి ఇస్తారు. ఈ ఏటికి మిగిలింది ఒక్కటే. ఫిబ్రవరి నెలాఖరులోగా మీ లెక్క చేరకపోతే అది పక్క పాలేనికి పోతుంది. రంగనాయకులు మళ్ళీ వస్తే మీవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదట. అందువల్ల రిజిస్టరులో మీ పాలెం ఎదురుగా "జనసంఖ్య: సున్న" అని వ్రాయవలసి వచ్చింది.

ఇట్లు, మీ మేలు కోరే,
ఖాదర్ మొహిద్దీన్.

తా.క.: సున్నమంది ఉన్న పాలెం నుంచి ఫిర్యాదు వచ్చింది. దాన్ని ఏ ఫైలులో పెట్టాలో తోచక మూడు రోజులుగా చేతిలో పట్టుకొని తిరుగుతున్నాను.

---

తుమ్మలదిబ్బ పాలెం,
24-1-1962.

సాహెబు గారికి, యెహోషువ ఆత్రపడుతూ వ్రాయునది.

బావి అన్న మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. రెండు మైళ్ళ అవతల ఇసుకలో తవ్వుకున్న చెలమే మాకు దిక్కు. ఎండలు ముదిరితే అదీ ఉప్పెక్కుతుంది. పోయిన ఏడు ఆ నీళ్ళు తాగి ఇద్దరు బిడ్డలు పోయినారు. మీ ఉత్తరం కూటంలో చదివినాను. ముసలి వెంకటశేషమ్మ లేచి, "అయ్యా, దావీదు ఇంట్లో బావి ఉండి ఉంటాది. ఆయనకు లెక్క లేకున్నా జరుగుతాది. మన కడవ ఎవురు మోస్తారు, దావీదా?" అనింది. ఇన్నేళ్ళలో నా ప్రసంగానికి అడ్డు చెప్పిన మనిషి లేదు సాహెబూ.

రెండు దినాలు ఉపవాసముండి గ్రంథం తిరగేసినాను. జనాన్ని లెక్కపెట్టమని మోషేకు దేవుడే చెప్పినాడు! దేవుని గుడారంలో సేవ చేసే లేవీయులను తప్ప అందరినీ వరుసగా లెక్కించినాడు. ఆ పద్ధతి తప్పకుండా నేనే లెక్కించి జాబితా పంపుతున్నాను. మొత్తం నలభై ఒక్కరు. మా పేరు దయచేసి సున్నలోంచి తీయండి.

ఇట్లు, కళ్ళు తెరిచిన,
యెహోషువ.

తా.క.: ఇరవై ఏళ్ళు దాటి, యుద్ధానికి పోగలిగిన మగవాళ్ళనే వేయాలి. మాకు ఈటెలు లేవు గనుక, తెడ్డు పట్టగలిగినవాళ్ళను వేసినాను.

---

సమితి ఆఫీసు,
1-2-1962.

యెహోషువ గారికి ఆదాబులు.

జాబితా అందింది. ఆఫీసరు గారు చూసి, "ఇది పాలెమా, పటాలమా?" అన్నారు. అయ్యా, సమితి యుద్ధానికి పోవడం లేదు. నీళ్ళు తాగే ప్రతి ప్రాణినీ వ్రాయండి. మనుషులను మాత్రమే, మేకలు వద్దు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, నిన్న పుట్టిన బిడ్డ, అందరూ లెక్కే. నాలుగు వారాలు కూడా లేదు. పక్క పాలెంవాళ్ళు రెండుసార్లు వచ్చి, మీరు తప్పుకున్నారా అని అడిగిపోయారు.

ఇట్లు, తొందరలో,
ఖాదర్ మొహిద్దీన్.

తా.క.: ఈ సంగతి విని మా ఇంట్లో చాంద్‌బీ, "నలభై ఒక్కమంది మగాళ్ళకు బావి దేనికి? వాళ్ళు స్నానం చేస్తారా, కడవ కడుగుతారా?" అని అడుగుతోంది.

---

తుమ్మలదిబ్బ పాలెం,
14-2-1962.

సాహెబు గారికి, నిద్ర లేని యెహోషువ వ్రాయునది.

గుమ్మం గుమ్మం తిరిగి మూడుసార్లు లెక్కించినాను. మూడుసార్లూ నూట నలభై ఎనిమిదే! మునెయ్య భార్య జయశీలకు నెలలు నిండుతున్నాయి. కడుపులో బిడ్డను వేసుకుంటారా? కవలలైతే మన కార్యం అయిపోతుంది. మునెయ్య పొద్దున లేస్తే నా వాకిట్లో నిలబడి, "ఇంకా ఎవురన్నా దొరికినారా అయ్యా? నా బిడ్డకు ఉప్పునీళ్ళేనా?" అంటాడు. "నంబర్లు తుడిపించినోడు నువ్వే, నువ్వే తవ్వు బావి" అని వెనకాల అంటున్నారు. కాదు, ఎదురుగానే అంటున్నారు. సర్కారును నమ్మవద్దన్నది నేను. ఇప్పుడు ఈ బావి తప్పితే వీళ్ళు సర్కారునూ నమ్మరు, నన్నూ నమ్మరు. పాలెంలో ఇంకెవ్వరూ లేరు, దేవుని ఎదుట చెప్తున్నాను. ఆ ఇద్దరినీ మీరే ఎట్లాగైనా సర్దండి.

ఇట్లు, దిక్కు తోచని,
యెహోషువ.

తా.క.: చిన్నపోలయ్య అని ఒకడున్నాడు. వీధి నాటకంలో చీర కట్టి రాణి వేషం వేసినందుకు, సంఘం పుస్తకంలో వాడి పేరు కొట్టేసినాను. మాకు వాడు లేనట్టే. వాడి ఇల్లు పాలెం నడిమధ్యన ఉండడంతో, మొహం తిప్పుకొని నడిచీ నడిచీ అందరికీ మెడలు పట్టేసినాయి.

---

సమితి ఆఫీసు,
27-2-1962.

యెహోషువ గారికి ఆదాబులు.

లేనివాళ్ళను సర్దడం నా చేతిలో పని కాదు. ఉన్నవాళ్ళ సంగతి చెబుతాను. నిన్న మధ్యాహ్నం ఒకతను పదకొండు మైళ్ళు నడిచి వచ్చాడు. "సామీ, లెక్కలో మా పాదిరి అయ్య పేరు ఉండదు. ఆయన తనను లేవీయుడనుకుంటాడు, లెక్కకు రాడు. మీరన్నా వేసుకోండి" అన్నాడు. జాబితా వెతికాను. మీ పేరు నిజంగానే లేదు!

"నీ పేరేమి?" అని అడిగాను.

"నాది వద్దు సామీ. అయ్య కొట్టేసినాడు. చూసినాడంటే కాగితం చించుతాడు, బావి పోతాది."

యెహోషువ గారూ, ఆ పుస్తకం మీ సంఘానిది, ఈ రిజిస్టరు జనానిది. ఇందులో బతికున్న మనిషిని కొట్టేసే అధికారం మీకూ లేదు, నాకూ లేదు. మీ పేరు నూట నలభై తొమ్మిది. చిన్నపోలయ్య పేరు నూట యాభై. ఆఫీసరు గారు సంతకం చేశారు. బావి మీదే.

ఇట్లు, తేలికపడిన,
ఖాదర్ మొహిద్దీన్.

తా.క.: రూలు ప్రకారం బావి పాలెం నడిమధ్యన తవ్వాలి. ఓవర్సీరు వచ్చి గొలుసు పట్టి కొలుస్తాడు. మెడకు కాస్త నూనె రాయించుకోండి.

---

తుమ్మలదిబ్బ పాలెం,
20-5-1962.

సాహెబు గారికి, లెక్కలో ఉన్న యెహోషువ సలాములు చేసి వ్రాయునది.

బావి పూర్తయింది. తీపినీళ్ళు. చిన్నపోలయ్య వాకిట్లోనే.

మీ ఎస్టిమేటులో బావి ఉంది గానీ చాంతాడు లేదు. మొదటి దినం పాలెమంతా కడవలు పట్టుకొని, కింద మెరిసే నీళ్ళను చూస్తూ నిలబడింది. చిన్నపోలయ్య ఇంట్లోకి పోయి రాణి వేషం చీర తెచ్చి, మెలిపెట్టి బొక్కెనకు కట్టినాడు. అందరూ నా మొహం చూసినారు. మా ప్రభువు కూడా ఒక బావి దగ్గర కూర్చొని, ఊరు వెలివేసిన మనిషిని నీళ్ళు అడిగినాడు. ముప్పై ఏళ్ళుగా ఆ సంగతి చెప్తున్నాను. అడగడం ఇంత కష్టమని ఆ పూట తెలిసింది.

"పోలయ్యా, దప్పికగా ఉంది" అన్నాను.

"లెక్కలో లేనోడు పోస్తే తాగొచ్చునా అయ్యా?"

"సర్కారు లెక్కలో ఉండావులే, పోయవయ్యా!"

పోసినాడు. దోసిలి పట్టి తాగినాను. పాలెమంతా నవ్వింది. వెంకటశేషమ్మ ఇంకా ఆపలేదు.

జయశీలకు ఆడబిడ్డ. రంగనాయకులును తారు డబ్బాతో పంపండి, నూట యాభై ఒకటో ప్రాణిని వ్రాసుకోవాలి. ఈసారి ఎవ్వరూ తుడవరు. నేను కాపలా ఉంటాను.

ఇట్లు, నూట నలభై తొమ్మిదో మనిషి,
యెహోషువ.

తా.క.: పది దినాలు నీళ్ళు తోడేసరికి రాణి చీర పీలికలైంది. వచ్చే శనివారం నాటకం. సమితిలో చీరలు ఇచ్చే పథకం ఏదైనా ఉందా? నాకు కాదు.