చెమట పట్టని పిల్ల

మార్చి 4, మంగళవారం

ఈరోజు గువ్వకి బడి లేదు. అత్తయ్య పన్ను పీకించుకోవడానికి వెళ్లారు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక దాన్ని నాతో లాండ్రీకి తీసుకుపోయాను. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు అది. ఆవిరి ప్రెస్‌లు నాలుగూ నడుస్తుంటే గోడలు కూడా తడుస్తాయి. గువ్వ మడతపెట్టిన దుప్పట్ల గుట్ట మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. ఆరేళ్ల పిల్ల కదలకుండా మెదలకుండా ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోయాను.

పన్నెండు దాటాక బాయిలర్ బాబాయి పిలిచాడు. బాయిలర్ దగ్గర ముప్ఫై ఏళ్లుగా ఉన్న పెద్దాయన, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నీ కూతుర్ని చూశావా అమ్మాయ్ అన్నాడు. చూశాను. మొహం ఎర్రగా కందిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి. మా అందరి బట్టలూ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. దాని నుదురు కాగితంలా పొడిగా ఉంది. మెడ వెనక చెయ్యి పెట్టి చూశాను. చంకలో చూశాను. ఒక్క చుక్క చెమట లేదు.

బయటికి ఎత్తుకుపోయి నీళ్లతో తడిపాం. పక్క మందుల షాపులో చూస్తే నూట మూడు. మాత్ర చేతిలో ఉండగానే తగ్గడం మొదలైంది. సాయంత్రం ఇంట్లో చూస్తే తొంభై ఐదు. మందేమీ వెయ్యలేదు.

మా థర్మామీటర్ పాడైనట్టుంది.

మార్చి 5

కొత్త థర్మామీటర్ తెచ్చి ఇంట్లో అందరికీ పెట్టాను. ఆయనకి 98.2. అత్తయ్యకి 98. నాకు 97.1. గువ్వకి 95.4. ఆయన రెండోసారి కూడా పెట్టించుకుని, క్లాసులో ఫస్ట్ వచ్చినట్టు నవ్వారు. పాతది పెట్టి చూశాను. గువ్వకి 95.4.

పాతది పాడవలేదు.

మార్చి 11

పిల్లల డాక్టర్ గొంతు చూశాడు, చెవి చూశాడు, వైరల్ అన్నాడు. వైరల్ అయితే పొద్దునపూట 95 ఎందుకుంటుందని అడిగాను. మీరు సరిగ్గా పెట్టి ఉండరన్నాడు. పూటపూటకీ చూసి రాసుకురమ్మన్నాడు. ఈ డైరీ వెనక పేజీల్లో గీతలు కొట్టుకున్నాను. వెనక అంకెలు. ముందు ఇది. ఇది ఎవరికీ చూపించను.

మార్చి 19

పొద్దున 95.2. ఎండలో బడి నుంచి వచ్చాక 101.6. సాయంత్రం 94.9. డాక్టర్ పుస్తకం తిరగేసి, థర్మామీటర్ మార్చి చూడమన్నాడు. ఇది మూడోది.

మార్చి 27

బడిలో గువ్వని ఫ్రిజ్ అంటున్నారట. దానికి కోపం లేదు సరికదా, పైగా గర్వం. ఎండలో ఆడి వచ్చిన పిల్లలు వరస కట్టి దాని అరచేతులు బుగ్గలకి ఆనించుకుంటారట. పది లెక్కపెట్టేదాకా ఒకళ్లకి, తర్వాత ఇంకొకళ్లకి.

టీచర్ వేరేలా చెప్పింది. ఆటల పీరియడ్‌లో గోడకి జారబడి కూర్చుంటుందట. లెమ్మంటే లేవదట. మొండితనం నేర్చిందట.

ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గర ఆగిపోయింది. మాది మూడో అంతస్తు. బుజ్జగించాను. కసిరాను. రెక్క పట్టుకు లాగాను కూడా.

"అమ్మా, నా కాళ్లలో కరెంటు పోయింది" అంది.

ఎత్తుకుని ఎక్కాను. దాని పిక్కలు నా చేతికి కుళాయి గొట్టంలా చల్లగా తగిలాయి.

ఏప్రిల్ 9

చెల్లి వచ్చింది. ఐదో నెల. కాస్త ఒళ్లు చేసి కళకళలాడుతోంది. గువ్వ దాన్ని వదిలితే ఒట్టు. పిన్ని పొట్ట వెచ్చగా ఉందని చెవి ఆనించి అక్కడే నిద్రపోయింది.

కూర్చుంటే చిన్నప్పటి సంగతులు వచ్చాయి. ఎండాకాలంలో కూడా సాక్సులు వేసుకునేదానివి నువ్వు అని నన్ను ఏడిపించింది. తన చేతులూ చల్లగానే ఉంటాయట. వేలు తగిలితే చాలు మరిది ఉలిక్కిపడతాడట. ఇద్దరం కడుపుబ్బా నవ్వాం. తర్వాత అమ్మ మాట వచ్చింది. అమ్మ పోయి నాలుగేళ్లు. మాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి ఏడాదిన్నరకే పోయిందని చెప్పేది. ఏం జబ్బని మేమెప్పుడూ అడగలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, పడుకున్నది పడుకున్నట్టే చల్లబడిపోయింది అనేది అమ్మ. అంతే, ఇంకేం చెప్పేది కాదు.

చెల్లి ఆ తర్వాత కూడా ఏదో చెబుతూనే ఉంది. నాకేం ఎక్కలేదు.

ఏప్రిల్ 22

పెద్దాసుపత్రి. చీటీ మీద జీన్స్ డాక్టర్ అని రాసి ఉంటే, ఇక్కడ ప్యాంట్లు కూడా కుడతారా అన్నారు ఆయన. భయమేస్తే ఆయనకి జోకులు వస్తాయి.

డాక్టరమ్మ అంకెల పేజీలు మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇన్నాళ్లకి ఒక మనిషి చదివింది. చెమట పడుతుందా అని అడిగింది. మెట్లెక్కుతుందా అని అడిగింది. ఉన్నట్టుండి, మీ అమ్మగారి వైపు చిన్నతనంలోనే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అంది.

లేరన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. గువ్వకీ నాకూ రక్తం తీశారు. బస్సెక్కాక రెండు స్టాపులు దాటి, గువ్వనీ ఆయన్నీ బస్సులోనే వదిలేసి దిగిపోయాను. వెనక్కి పరుగులాంటి నడక. డాక్టరమ్మ గదికి తాళం వేస్తోంది. ఒకరున్నారండీ, మా అక్క, అన్నాను. మా అక్క అనడం నా జన్మలో అదే మొదటిసారి. పేరు అడిగింది. తెలియదన్నాను.

మే 14

రిపోర్ట్ వచ్చింది. మైటోకాండ్రియా. బడిలో బొమ్మ గీసి భాగాలు గుర్తించి పది మార్కులు తెచ్చుకున్న మాట. ఒంట్లో కణకణానికీ చిన్న చిన్న పొయ్యిలుంటాయట, తిన్నదాన్ని మండించి శక్తి చేస్తాయట. గువ్వ పొయ్యిలు సరిగ్గా మండవు. కాళ్లు లేవనిది అందుకే. వేడిని నిలబెట్టుకోలేదు, ఎక్కువైన వేడిని వదిలించుకోలేదు. నయం చేసే మందు లేదట. విటమిన్లు ఉన్నాయట. ఎండ తగలకూడదు, చలి తగలకూడదు, కడుపు ఖాళీగా ఉండకూడదు. ఇవన్నీ ఆయన రాసుకున్నారు. నేను ఒక్కటి గుర్తుపెట్టుకున్నాను.

"ఈ పాపకి ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు చల్లబడొచ్చు. చల్లబడితే తగ్గిందనుకోకండి, పరిగెత్తుకు రండి."

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ రకం తల్లి నుంచే వస్తుందట. నాలో కొంచెమే ఉందట, అందుకే సాక్సులతో సరిపోయింది. మా చెల్లిలో కూడా ఉండే ఉంటుందట. ఎంత ఉందో, బిడ్డకి ఎంత వెళ్తుందో ఎవరూ ముందే చెప్పలేరు, ఒకసారి తీసుకురండి అంది.

లిఫ్ట్‌లో ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నేను ఏడుస్తానని. అలాగే అనుకుంటున్నాను.

మే 15

మా వైపు ఎవరికీ లేదు, అన్నారు అత్తయ్య. నిజమే. ఎవరికీ లేదు.

మే 18

ఇప్పుడు చెల్లికి చెప్పి ఏం లాభం, కాన్పు అయ్యాక చెబుదాం, బెంగ పెట్టుకుంటే బిడ్డకే మంచిది కాదు అన్నారు ఆయన. సరేనన్నాను. ఆలోచించకుండా అన్నాను. నాకు కావలసిన మాట ఆయన నోట వచ్చింది, అంతే. సాయంత్రం చెల్లి ఫోన్ చేసి రిపోర్ట్ ఏమైందని అడిగింది. విటమిన్లు రాసిచ్చారన్నాను. అబద్ధం కాదు.

మే 30

బాయిలర్ బాబాయికి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. అంతా విని, వేడి పెరిగితే నాకు భయం లేదమ్మాయ్ అన్నాడు. పెరిగితే గంట మోగుతుందట, ఆవిరి వదిలేస్తాడట. చప్పుడు చెయ్యకుండా మంట తగ్గిపోతుంటేనే ఆయనకి గుండె జారుతుందట.

ఓదార్పు అనుకుని చెప్పాడు పాపం.

జూన్ 17, పొద్దున 9

గువ్వకి నిన్న రెండు విరేచనాలు. ఇప్పుడు తాగిన పాలన్నీ కక్కేసింది. 94.6. చెల్లి నిన్ననే వచ్చింది, ఏడో నెల. నుదుటి మీద చెయ్యి వేసి, హమ్మయ్య, జ్వరం లేదక్కా అంది.

9.40

93.8. పిలిస్తే కళ్లు తెరవడం లేదు.

జూన్ 18, ఐసీయూ బయట బెంచీ

నిన్నటిది రాయాలి. అత్తయ్య, చెల్లి, నేను గువ్వని రెండు దుప్పట్లలో చుట్టి ఎమర్జెన్సీకి తెచ్చాం. ఆయన డ్యూటీలో ఉన్నారు. డ్యూటీ డాక్టర్ కళ్లు చూస్తే నిద్రపోయి రెండు రోజులైనట్టుంది. కడుపు పాడైంది, జ్వరం లేదు కదా, కంగారు పడకండి అన్నాడు. ఒళ్లు చల్లగా ఉందంటే ఏసీ గదన్నాడు. ఓఆర్ఎస్ రాశాడు. జబ్బు పేరు చెప్పబోయాను. నాలుక తిరగలేదు. మూడుసార్లూ ముక్కలుముక్కలుగా వచ్చింది. రిపోర్ట్ ఇంట్లో మర్చిపోయాను. డాక్టరమ్మ ఫోన్ కలవలేదు. వెనక ఇంకో కేసు ఉంది, మంచం ఖాళీ చెయ్యమంది నర్స్.

అత్తయ్య మంచమెక్కి గువ్వ పక్కన కూర్చున్నారు. చెప్పులతో సహా. నా సంచిలోంచి ఈ పుస్తకం లాగి, వెనక పేజీలు తెరిచి డాక్టర్ చేతిలో పెట్టారు.

"నాయనా, దీని ఒళ్లు మన ఒళ్లలాంటిది కాదు. మా కోడలు మూడు నెలలుగా రాస్తోంది. రెండు పేజీలు చదువు. చదివాక పొమ్మంటే పోతాం."

అతను నిలబడే చదవడం మొదలుపెట్టాడు. తర్వాత స్టూల్ మీద కూర్చున్నాడు. తర్వాత లేచి నర్స్‌ని కేకేశాడు. రక్తంలో ఇన్ఫెక్షన్. గ్లూకోజ్, యాంటీబయోటిక్, వేడి గాలి దుప్పటి. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే, అని సగంలో ఆపేశాడు.

అత్తయ్య మంచం దిగుతుంటే నేనే పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

జూన్ 21

కళ్లు తెరిచింది. 96.8.

ఎడమ రెప్ప సగమే లేస్తోంది. నిలబెడితే కాళ్లు మడతపడిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. కొంత తిరిగి రావచ్చంది డాక్టరమ్మ. కొంత అని రెండుసార్లు అంది. గువ్వ ఆ ముద్ద మాటతోనే పిన్ని ఏదని అడిగింది.

జూన్ 21, మధ్యాహ్నం

పిన్ని బయట బెంచీ మీద ఉంది. ఒళ్లో ఈ పుస్తకం. లోపలికి వెళ్తూ సంచి దాని చేతికే ఇచ్చి వెళ్లాను. గువ్వకి అంకెలు ఎలా ఉన్నాయో చూద్దామని తెరిచిందట. ముందు నుంచి తెరిచింది.

వేలు మే 18 మీద ఉంది.

"నన్ను మొన్న వచ్చిన రోజు కూడా నవ్వనిచ్చావు కదక్కా" అంది.

నీ మంచికేనే అన్నాను.

"నా మంచికా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. పుస్తకం మూసి, బెంచీ మీద పెట్టి, నడుం పట్టుకుని లేచింది. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. కింద తలుపు పడిన చప్పుడు దాకా విన్నాను.

జులై 2

చెల్లి ఫోన్ ఎత్తడం లేదు.

జులై 9

మరిదికి ఫోన్ చేసి డాక్టరమ్మ నంబర్ ఇచ్చాను. చెల్లి పరీక్ష చేయించుకోనందట. పుట్టకముందే నా బిడ్డని రోగిగా చూడను అందట. బతిమాలాను. మరిది మాత్రం ఏం చేస్తాడు పాపం.

జులై 20

గువ్వ గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. ఐదోదానికి కూర్చుండిపోయింది. బడి నుంచి ఇద్దరు పిల్లలు చూడ్డానికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. లోపలికి రమ్మంటే ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. గువ్వ చేతులు చాపింది. ఎవరూ ముందుకు రాలేదు.

వాళ్లు వెళ్లాక అత్తయ్య వచ్చి దాని ఎదురుగా కూర్చుని, ఆ రెండు చేతులూ తీసుకుని తన బుగ్గలకి పెట్టుకున్నారు. పది లెక్కపెట్టు అన్నారు. ఏడు దగ్గర దానికి మాట ఆగిపోయింది. మిగతా మూడూ ఆవిడే లెక్కపెట్టారు.

ఆగస్టు 22

చెల్లికి నిన్న ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. మరిది ఆయనకి ఫోన్ చేశాడు, నాకు కాదు. తల్లీబిడ్డా బాగున్నారట. ఇప్పుడే చూడ్డానికి రావద్దని చెప్పమందట.

అంకె అడగమన్నాను ఆయన్ని. ఏ అంకె అన్నారు. ఏం లేదన్నాను.

సెప్టెంబర్ 3

చెల్లికి మెసేజ్ పెట్టాను. నన్ను క్షమించు అని రాసి చెరిపేశాను. ఎలా ఉన్నావని రాసి చెరిపేశాను. డాక్టరమ్మ మే 14న చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. పాలు తాగకపోయినా, నిద్ర ఎక్కువైనా, ఒళ్లు చల్లబడినా ఆగొద్దని. మధ్యలో ఒక్క మాట కూడా నాది లేదు.

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

సెప్టెంబర్ 14, పొద్దున 6.10

చెల్లి ఫోన్.

"అక్కా, ఎంత ఉండాలి?"

ఎంత ఉందన్నాను. చెప్పింది. మళ్లీ పెట్టమన్నాను. ఆ నిమిషంసేపూ బిడ్డ ఏడుస్తుందేమోనని విన్నాను. మళ్లీ చెప్పింది. ఇంకా తక్కువ.

బిడ్డని గుండెకి ఆనించి కప్పుకుని ఆసుపత్రికి బయల్దేరమన్నాను. నేనూ వెళ్తున్నాను.