అడుగున ఉన్న పేపరు

సత్యా,

నువ్వు లేని మొదటి విద్యాసంవత్సరం ఇవాళ్టితో ముగిసింది. జూన్ నుంచీ లెక్కల పేపర్లు ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరసగా పేర్లు పిలిచి ఇవ్వడం మానేశాను. కట్ట కలిపేసి, మడిచి, ఎవరిది వాళ్ల చేతికిస్తున్నాను.

"ఆఖరి పేపరు పిల్ల తన పేరు పిలిచేదాకా అంతసేపు ఎలా కూర్చుంటుందండీ?" అని నువ్వెన్నోసార్లు అడిగావు. "సిగ్గేస్తేనే చదువుతారు" అనేవాణ్ణి. ఓసారి అడుగున ఉన్న పేపరును నువ్వు కట్ట మధ్యలోకి తోసేస్తే విసుక్కున్నాను.

ఇవాళ ఎనిమిదో తరగతి దుర్గ ఇంటికి వెళ్లబోతూ ఆగింది.

"మాస్టారూ, మీరు పేపర్లు కలిపేసి ఇస్తున్నారంటే మా అక్క నమ్మట్లేదండి."

"ఎవరమ్మా మీ అక్క?"

"లక్ష్మండి. మీ దగ్గరే చదివింది. ఎప్పుడూ ఆఖర్న దాన్నే పిలిచేవారంట కదండీ. అందుకే తొమ్మిదిలో మానేసింది. ఇప్పుడు కడియంలో మొక్కల నర్సరీకి పనికెళ్తోందండి."

ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. నేను చాక్‌పీసులు సర్దుతూ నిలబడ్డాను.

కొవ్వూరులో బస్సు దిగేదాకా ఆలోచించినా లక్ష్మి ముఖం గుర్తుకు రాలేదు. మొదటి పేపరు అందుకున్నవాళ్లు మాత్రం ఇంటిపేర్లతో సహా గుర్తున్నారు.

ఆ రోజు నువ్వు మధ్యలోకి తోసింది లక్ష్మి పేపరే అయ్యుండొచ్చు. నువ్వు వంటింట్లోకి వెళ్లాక దాన్ని వెతికి, మళ్లీ అడుగునే పెట్టాను.