పుల్లకి రెండో కొస

వాటిల్ క్రీక్
నవంబరు, మంగళవారం

అమ్మాయ్ బ్రాన్విన్,

నువ్వు తీసిన వీడియో చూశాను. ఒకసారి కాదు, చూసి చూసి మీ అమ్మ టాబ్లెట్ వేడెక్కిపోయింది. ముందు కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకడొచ్చి పెదాలాడించాడు. మీ మేనేజరు కాబోలు. తర్వాత చక్కని పిల్ల ఒకతె వచ్చి పెదాలాడించింది. పక్కన మీ అమ్మ కాలితో తాళం వేస్తోంది కాబట్టి వెనకాల సంగీతం కూడా పెట్టినట్టున్నారు.

నాకో సందేహం తల్లీ. మీ కంపెనీ చెవి మిషన్ పలకడం మానేస్తే ఏం చెయ్యాలో చెప్పే వీడియో అది. మిషన్ పలకనివాడికి ఆ మాటలన్నీ ఎవరు వినిపిస్తారు? మీ మేనేజరు తాతొచ్చి చెవిలో చెబుతాడా?

ఇక అసలు సంగతి. మీ అమ్మకి చెప్పావంటే నీతో మాట్లాడను. నా మిషన్ చలికాలం నుంచీ పలకడం లేదు. ఆ చచ్చినదాన్నే రోజూ పొద్దున్నే చెవిలో పెట్టుకుని తలూపుతూ తిరుగుతున్నాను. మీ అమ్మ ఏదో అంటుంది, నేను 'అలాగే' అంటాను. ఆ అలాగే పుణ్యమా అని మన వీధి తలుపుకి గులాబీ రంగు పడింది. మీ బెరిల్ పిన్ని క్రిస్మస్‌కి వచ్చి నెల్లాళ్ళు మకాం వేస్తోంది.

నీ వీడియోలో పిల్ల చేసినట్టే చేశాను. మిషన్‌తో ఇచ్చిన డబ్బాలోంచి సన్నటి పుల్ల తీసి మిషన్ కొనలో గుచ్చాను, లాగాను, మళ్ళీ గుచ్చాను. పలకలేదు. ఇంకో పుల్ల తీశాను. డబ్బాలో పుల్లలు అయిపోవచ్చాయి. అంటే లోపం మిషన్‌ది కాదు, నా చెవులే పూర్తిగా పోయాయన్నమాట. భయమేస్తోంది తల్లీ. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, భయమేస్తోంది.

నెలాఖరు శనివారం మన ఫైర్ బ్రిగేడ్ మీటింగు. కొత్తగా డిప్యూటీ అయిన ట్రాయ్ అక్కడ ఓటు పెట్టించి, నా దగ్గరున్న, మంటల కబురొచ్చే వైర్‌లెస్ సెట్ లాక్కోవాలని చూస్తున్నాడు. "ముసలాయనకి వినపడదు. వడగాలి రోజున ఎవరైనా పిలిచింది వినకపోతే కొంపలంటుకుంటాయి" అని ఊరంతా చెబుతున్నాడట. పక్కింటి డెస్ నా చొక్కా జేబులో చీటీ పెట్టి మరీ పోయాడు. వాడనేది తప్పు కాదు, అదే నా మంట. వినపడకపోతే నేనే ఇచ్చేస్తాను. వినపడుతుందో లేదో తేలకుండా మాత్రం ఇవ్వను గాక ఇవ్వను.

ఫోన్ చెయ్యకు. ఎందుకో నీకు తెలుసు.

మొండివాడు,
మీ నాన్న క్లారీ

మెల్‌బోర్న్
తర్వాతి వారం, బుధవారం

నాన్నా, నా మొండి నాన్నా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పకపకా నవ్వాను. భయమేస్తోందన్న చోటికి వచ్చేసరికి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. నువ్వు భయమన్న మాట రాయడం నేనెప్పుడూ చూడలేదు.

"గుచ్చాను, లాగాను, మళ్ళీ గుచ్చాను" అని రాశావే, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. పుల్లకి రెండు కొసలు నాన్నా. ఒక కొసతో గుచ్చితే మిషన్ కొనలో గులిమి పట్టిన పాత ఫిల్టర్ ఊడి వస్తుంది. అప్పుడు పుల్ల తిప్పి, రెండో కొసనున్న కొత్తది పెట్టాలి. ఆ తిప్పడం మా వీడియోలో ఎక్కడుందా అని వెతికాను. లేదు! అక్కడ ఆ పిల్ల నవ్వుతోంది. చేతులు పుల్ల తిప్పే సమయానికి కెమెరా మొహం మీద ఉంది. నవ్వు బాగుందని అందరం మెచ్చుకుని ఉంచాం. నువ్వు పాతది తీసి, ఆ పాతదే మళ్ళీ పెట్టుకుంటున్నావు. నీ చెవులకేం కాలేదు నాన్నా.

మేనేజర్ గేవిన్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ తీద్దామన్నాను.

"ఆ నవ్వే మన కంపెనీకి ముఖం బ్రాన్. అది తీసేస్తే ఇంకేం మిగులుతుంది?" అన్నాడు.

"పుల్ల మిగులుతుంది."

"మాట లేకుండా, సంగీతం లేకుండా ఎవడు చూస్తాడు?"

"వినపడనివాళ్ళు చూస్తారు. మనం అమ్మేది వాళ్ళకే కదా?"

"మరి నా పలకరింపు?"

"మీరు పెదాలు బాగా ఆడించారని మా నాన్న రాశాడు."

మొహం గంటు పెట్టుకుని పొమ్మన్నాడు. నేను పోయి కొత్తది తీశాను. అందులో ఎవరి మొహమూ లేదు. కెమెరా నా భుజం మీంచి చూస్తుంది, ఎవరి చేతులు వాళ్ళకి కనపడినట్టే. ఆవగింజంత తెల్ల ఫిల్టర్ తెల్ల గుడ్డ మీద కనపడి చావదని, నువ్విచ్చిన నల్ల ఉన్ని టోపీ కింద పరిచాను. ముందు నీ తప్పే చేసి చూపించి, దాని మీద గీత కొట్టాను. తర్వాత పుల్ల తిప్పడం, నెమ్మదిగా, రెండుసార్లు. తెర మీద అక్షరాలు నువ్వు కళ్ళజోడు వెతుక్కుని వచ్చేదాకా కదలవు.

గేవిన్ వద్దన్నా పాతది తీసేసి ఇదే పెట్టేశాను. వచ్చే సోమవారం కాక పై సోమవారం కంపెనీ పెద్దల ముందుకి రమ్మన్నాడు. ఉద్యోగం పోతే పోనీ. ఆ నవ్వు మాత్రం మళ్ళీ పెట్టను. ఎంతమంది ఇళ్ళల్లో మూలన కూర్చుని తలూపుతున్నారో!

నీకు తగ్గ మొండిది,
బ్రాన్

వాటిల్ క్రీక్
శనివారం

బ్రాన్ తల్లీ,

తిప్పాను.

పొద్దున షెడ్డులో ఒక్కణ్ణీ కూర్చుని నీ వీడియో చూస్తూ పుల్ల తిప్పాను. మిషన్ చెవిలో పెట్టుకోగానే ఏదో గుయ్యిమంది. చెడిపోయింది కాబోలనుకున్నాను. చూస్తే కిటికీ అద్దానికి కొట్టుకుంటున్న ఈగ! దాన్ని చంపబుద్ధి కాలేదు. తలుపు తీసి సాగనంపాను.

ఎవరికీ చెప్పకుండా మీటింగుకి పోయాను. ట్రాయ్ వెనకాల టీ కలుపుకుంటూ పక్కవాడితో గుసగుసలాడుతున్నాడు. "చెయ్యెత్తేటప్పుడు ఆయన మొహం చూడకు. పాపం, బాధపడతాడు."

"బాధేం లేదు గానీ ట్రాయ్, ఆ కలపడం ఆపు, కప్పుకి చిల్లు పడేలా ఉంది" అన్నాను, వెనక్కి తిరక్కుండానే.

చెంచా ఆగిపోయింది.

"డెస్, నువ్వు రెండో సెట్ పట్టుకుని బయట ట్రక్కులో కూర్చో. నీ ఇష్టమొచ్చింది చెప్పు. తప్పు విన్నానంటే ఈ సెట్ ట్రాయ్‌దే" అన్నాను. డెస్ వెళ్ళాడు. సెట్ గరగరలాడింది. నేను విన్నది విన్నట్టు అందరికీ చెప్పాను: "పోయిన వారం క్లారీ భార్య నోలా షెడ్డుకి పంపిన గుమ్మడికాయ స్కోన్ రొట్టెలు క్లారీకి ఇవ్వకుండా డెసే తినేశాడట."

నవ్వులతో రేకుల కప్పు ఎగిరిపోయిందనుకో. ఓటు అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. ట్రాయ్ వచ్చి చెయ్యి కలిపాడు. "నా చెవి మిషన్ మళ్ళీ మూగబోయిన రోజున ఈ సెట్ నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. దాచను" అని మాటిచ్చాను.

మన బ్రిగేడ్‌లో సగంమంది చెవుల్లో మీ కంపెనీ మిషన్లే. నీ వీడియో చూపించాను. అందులో సగంమంది నాలాగే తలూపుడు బాపతట! అక్కడికక్కడే పుల్లలు తిప్పుకున్నారు. గేవిన్‌కి అందరం కలిసి రాసి సంతకాలు పెట్టాం. సోమవారం తల దించకు. పంపించేస్తే పంపించేయనీ, ఇంటికి రా. గులాబీ తలుపు, గుర్తుపట్టలేకపోవడమంటూ ఉండదు.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ అటు తిరిగి గిన్నెలు తోముతోంది. కుళాయి పారుతోంది. సన్నగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "ఏమయ్యా క్లారీ, వినపడుతోందా?"

"వినపడుతోంది" అన్నాను.

చేతిలో గిన్నె నీళ్ళలో పడింది. ఇటు తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి.

"రోజూ ఇలాగే అడుగుతున్నాను. ఒక్కసారైనా వద్దంటావేమోనని తలుపుకి ఆ దిక్కుమాలిన రంగు వేయించాను. బెరిల్‌ని పిలిచాను. నువ్వేమో అన్నిటికీ అలాగే, అలాగే! నాకెంత భయమేసిందో తెలుసా?"

"ఆ రంగు వద్దు నోలా. బెరిల్ కూడా వద్దు" అన్నాను.

ఏడుస్తూనే నవ్వింది. తలుపు ఇప్పుడు తనకి నచ్చేసిందట, రంగు మార్చదట. బెరిల్ టికెట్ కూడా కొనేసిందట. వినపడేవాడి మాటకి ఈ ఇంట్లో ఉన్న విలువ ఇదీ.

వినపడుతున్న
మీ నాన్న